నిశానీ దొర

ఆర్దెన్ కొండల్లో ఆర్‌మోన్ సీమను
నలభై రెండేళ్లు ఏలిన గోజెలిన్ దొరకు
చదువు రాదు.
నాకు వచ్చు. మన ఇద్దరికీ అంతే తేడా అని
తాగినప్పుడు అనేవాడు.
తాగనప్పుడు తేడాలు చాలా ఉండేవి.

నేను రాసేవాణ్ణి. మూడుసార్లు చదివించుకుని
కింద శిలువ గీసేవాడు.
అడ్డం ఒకటి, నిలువు ఒకటి.
ఆ రెండు గీతల మధ్య
పదిహేడు ఊళ్లు, మూడు నీటి మరలు, ఒక వంతెన,
లెక్కకు దొరకని తోడేళ్లు.

మొదటి నిశానీ తొమ్మిదో ఏట.
తండ్రి శవం ఇంకా గుర్రం మీదే ఉంది,
బూట్లలోంచి మంచు కరిగి కారుతోంది.
బల్ల అందక పిల్లవాడు ఉప్పుపెట్టె ఎక్కాడు.
నాకు ముందున్న రాయసగాడు, ముసలి ఆన్సో,
చెయ్యి పట్టి గీయించాడు.
ఆ పత్రం ఇప్పటికీ నా పెట్టెలో ఉంది:
నిలువుగీత తోలు అంచు దాకా జారిపోయింది.
ఏడుపు ఆపుకున్న చెయ్యి అలాగే జారుతుంది.

పద్ధెనిమిదో ఏట పెళ్లి పత్రం.
రిషిల్డ్ తెచ్చింది రెండు పచ్చికబీళ్లు,
నలభై తేనెపట్టు బుట్టలు, దారిలో పగలని గాజుగిన్నె.
ఆమె తన పేరు తానే రాసింది.
ఆయన ఆ పేరు వంక చాలాసేపు చూశాడు,
పరాయివాడి గుర్రాన్ని చూసినట్టు.

తీర్పులు బాగా చెప్పేవాడు.
ఎద్దు నాదంటే నాదని ఇద్దరు కొట్టుకుంటే
పలుపు విప్పి వదలమన్నాడు.
అది తిన్నగా మూడోవాడి పాకలోకి పోయింది.
పగలబడి నవ్వి, వాడికే ఇచ్చేశాడు.

మఠంతో పాముచేపల తగాదా పందొమ్మిదేళ్లు.
ఏటా ఇవ్వాల్సింది మూడు వందలా, మూడు వందల ఇరవయ్యా?
ఇరవై చేపల మీద ఏడు గొర్రెల తోళ్లు రాశాను.
చివరికి మఠాధిపతి పోయాడు.
దొర మూడు వందల నలభై పంపించేశాడు.
"వాడే లేకపోయాక తగాదాలో రుచేముంది."

ఇదంతా చెబుతున్నది
అసలుది దాటవేయడానికే.

ఎవ్రార్ సవతి తమ్ముడు. ఈల బాగా వేసేవాడు.
కరువు ఏట, వంతెన సుంకం ఎత్తేయమని
ఊళ్లవాళ్లు అతని వెనక నడిచి వచ్చారు.
అతను అడిగింది సుంకం.
కోటలో మాకు వినిపించింది గద్దె.
ఆ రాత్రి నేను రాసింది రెండే వాక్యాలు.
రెండో దానిలో కళ్లు అన్న మాట ఉంది.
దొర చదవమనలేదు.
ఒక్కసారైనా చదవమనలేదు.
శిలువ ఎన్నడూ లేనంత తిన్నగా వచ్చింది.

ఎవ్రార్ బురుజులో పదకొండేళ్లు బతికాడు.
ఈల మానలేదు.
దొర తన పడకను తూర్పు గదికి మార్పించాడు,
మరుసటేడు మళ్లీ బురుజు పక్కకే తెప్పించాడు.

ఈల ఆగిపోయిన చలికాలం
ఆ పత్రం గీకెయ్యమన్నాడు.
ముందు కత్తితో, తర్వాత నురగరాయితో గీకాను.
సిరా వదిలింది, తోలు పలచబడింది.
దీపానికి అడ్డం పెడితే
శిలువ ఉన్నచోటే వెలుతురు ఎక్కువ వస్తోంది.
ఆయనా చూశాడు.
"వేరే ఏదైనా రాయి దాని మీద."
ఏం రాయమంటారు?
కొరివి ఒకటి పొయ్యిలోకి తోసి,
"వంతెన సుంకం ఎత్తేశామని."

ఇవాళ పొద్దున వీలునామా.
రిషిల్డ్ తలగడ సర్దింది.
చెయ్యి వణుకుతుంటే పట్టుకోబోయాను,
ఆన్సో పట్టినట్టే.
విదిలించుకున్నాడు.
అడ్డగీత గీశాడు.
నిలువుగీతకు ఊపిరి చాల్లేదు.

పత్రం చెల్లుతుందా అని
కొడుకులు నన్ను అడుగుతున్నారు,
ఒకడు తలుపు దగ్గర, ఒకడు మరీ దగ్గర.
ఒక్క గీత.
ఆయన చేతి వంకర నాకంటే ఎవరికి తెలుసు.
సిరా ఇంకా ఆరలేదు.